ఎరుక పోయాక ఎవరు మిగులుతారు

ఆత్మ అనే మాట చెవిన పడితే సుబ్బలక్ష్మమ్మకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మండేది. దానికి కారణం ఆమె తండ్రి. ఆయన తత్వాలు పాడే మనిషి. రాయచోటి అవతల ఒక గుట్ట కింద చిన్న మఠం ఉంది. పొద్దు వాలితే చాలు, పొలం పని ఎక్కడిదక్కడ వదిలేసి అక్కడికి పోయి తంబుర పట్టుకునేవాడు. ఆ మఠంవాళ్ళు పూజలు చేయరు, మొక్కులు మొక్కరు. నేను అనే ఎరుక ఉన్నంతసేపే మనిషి, ఆ ఎరుక కూడా కలలాంటిదే, అది పోతే మిగిలేది వట్టి బయలు, అందులో వచ్చేవాడూ లేడు, పోయేవాడూ లేడు. ఇదీ వాళ్ళ మాట.

సుబ్బలక్ష్మమ్మ ఇంకా బడికి కూడా పోని వయసులో తల్లి జ్వరంతో చనిపోయింది. అమ్మ దేవుడి దగ్గరికి పోయిందని ఊళ్ళోవాళ్ళు చెప్పారు. నాయన్ని అడిగితే ఆయన తాను నమ్మిందే చెప్పాడు.

“యాడికీ పోలే మ్మే. పోయేదానికి ఎవరుండారు? బయలైపాయ.”

ఆ పిల్ల ఏడవలేదు. ఎవరూ చూడకుండా తంబుర ఎత్తుకుపోయి గడ్డివామిలో దూర్చేసింది. ఆయన దానికోసం వెతకలేదు, కోప్పడనూ లేదు. ఆ సాయంత్రం తంబుర లేకుండానే పాడాడు. దాంతో ఆమె కోపం ఇంకా పెరిగింది.

ఆ తర్వాత ఆమెకు నిలకడ అనేదే లేకుండా పోయింది. ఒక పని చేస్తుంటే మనసు ఇంకో పని మీద ఉండేది. కూర్చుంటే లేవాలనిపించేది. పెళ్ళయింది, కూతురు పుట్టింది, మొగుడు ఇంకొకామెతో బెంగుళూరు వెళ్ళిపోయాడు. కూతురు కూడా కాపురానికి వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఒక్క రోజు కూడా కాలు నిలవలేదు. 2005లో ఏజెంటు ఒమన్ వీసా ఉందనగానే, ఏ పని, ఎవరింట్లో అని పెద్దగా అడక్కుండానే బయలుదేరి వచ్చేసింది.

మస్కట్ పక్కన అల్ మవాలేలో ఆమెకు దొరికిన ఇల్లు ఇద్దరు ఆడవాళ్ళది. పెద్దామె బిల్కీస్. జాంజిబార్‌లో పుట్టి, ఆ ఆఫ్రికా దీవి నుంచి పెద్దయ్యాక ఒమన్ వచ్చి, ఆడపిల్లల బడిలో చాలా ఏళ్ళు టీచరుగా చేసి రిటైరైన మనిషి. కూతురు సఫూరా కాలేజీలో చదువు చెప్పేది, పెళ్ళి చేసుకోలేదు. ఇల్లంతా పుస్తకాలే. సోఫాల మీద, మెట్ల మీద, ఆఖరికి వంటింట్లో బియ్యం డబ్బా మీద కూడా ఒక పుస్తకం బోర్లా పడి ఉండేది. సుబ్బలక్ష్మమ్మ పెద్దామెను మామా అనీ, కూతుర్ని మేడమ్ అనీ పిలిచేది. సగం హిందీ, సగం అరబ్బీ కలిపి ముగ్గురూ మాట్లాడుకునేవాళ్ళు. తెలుగు మాట్లాడాలంటే డ్రైవర్ ఖాదర్‌వలి ఒక్కడే దిక్కు. అతనిదీ రాయచోటి పక్కనే కావడంతో ఆమెను అక్కా అని పిలిచేవాడు.

గురువారం సాయంత్రాలు బిల్కీస్ స్నేహితురాళ్ళు వచ్చేవాళ్ళు. అందరూ పాత టీచర్లే. ఏదో ఒక పుస్తకం ముందు పెట్టుకుని, కాఫీ తాగుతూ గట్టిగట్టిగా వాదించుకునేవాళ్ళు. సుబ్బలక్ష్మమ్మ కాఫీ పోస్తూ, ఖర్జూరాలు అందిస్తూ తిరిగేది. ఒక చలికాలమంతా వాళ్ళ నోట రూహ్ అనే మాటే వినబడింది. తలుపు దగ్గర నిలబడ్డ ఖాదర్‌వలిని అడిగింది.

“రూహ్ అంటే ఏంది ఖాదర్‌వలీ?”

“ఆత్మ అక్కా.”

ఆమె మొహం మాడిపోయింది. “దీనికోసం సముద్రం దాటి రావాల్నా నేను!”

అయినా చెవులు మూసుకోలేదు. విన్నకొద్దీ వినాలనిపించింది, అర్థం కానిది ఖాదర్‌వలి చేత చెప్పించుకుంది. ఎప్పుడో గ్రీకు దేశంలో ఒకాయన, దేహం పడవైతే ఆత్మ దాన్ని నడిపేవాడు అన్నాడట. పడవ పగిలితే ఈదుకుంటూ పోతాడు. ఇంకొకాయన ఒప్పుకోలేదట. కాదు, దేహం ఊద్ వాయిద్యం, ఆత్మ దాని పాట, తీగ తెగితే పాట ఎక్కడుంటుంది అన్నాడట. అరబ్బీలో రాసిన ఒక వైద్యుడు చెప్పిన మాట ఆమెకు బాగా పట్టింది. ఒక మనిషిని కళ్ళు కట్టి, కాలికీ చేతికీ ఏదీ తగలకుండా వట్టి గాలిలో వేలాడదీశామనుకో, వాడికి లోకం తెలియదు, ఒళ్ళు తెలియదు, అయినా నేనున్నానని మాత్రం తెలుస్తుంది. ఆ తెలియడమే ఆత్మ అన్నాడట ఆయన.

ఈ చివరి మాట విన్నప్పుడు ఆమె చేతిలో కాఫీ కూజా ఒలికింది. అది వాళ్ళ నాయన చెప్పే ఎరుకే. అదే ఎరుకను పట్టుకుని ఈయన ఆత్మ ఉందంటున్నాడు, నాయనేమో లేదంటాడు.

బిల్కీస్ ఆమె వైపు చూసింది. “లక్ష్మీ, మీ ఊళ్ళో పెద్దవాళ్ళు దీని గురించి ఏమంటారు?”

పేరు మొత్తం నోరు తిరక్క బిల్కీస్ అలా పిలిచేది. ఆడవాళ్ళందరూ మాట ఆపి చూస్తుంటే సుబ్బలక్ష్మమ్మ కూజా కింద పెట్టింది. వచ్చిన భాషలో, చేతులు తిప్పుతూ, నాయన మాట చెప్పింది. నేను అనేదే కల, అది పోతే ఏమీ లేదు, వట్టి మైదానం, గాలి. ఎవరో దేవుణ్ణి తలచుకుని క్షమించమని గొణిగారు. బిల్కీస్ మాత్రం ముందున్న పుస్తకం మూసింది.

“చాలా భయం వేసే మాట,” అంది. “చెప్పినాయన మంచివాడేనా?”

“మంచివాడే మామా. నాకే ఇష్టం లేదు.”

దానికి బిల్కీస్ పకపకా నవ్వింది.

2007 జూన్‌లో పెద్ద తుఫాను వచ్చింది. మస్కట్ చుట్టుపక్కల వాగులన్నీ పొంగి రోడ్ల మీద పడ్డాయి. అల్ మవాలేలో కరెంటు పోయింది, కుళాయిలు ఎండిపోయాయి. ముగ్గురు ఆడవాళ్ళూ మేడ మీది గదిలో కూర్చున్నారు. కిటికీ అద్దాలు దడదడలాడుతుంటే బిల్కీస్ లేచి నిలబడి, కూతురితో తను పుట్టిన చోటి స్వాహిలి భాషలో ఏదో అంది. సఫూరా ముఖం పాలిపోయింది.

“ఏమంది మేడమ్?”

“పడవ ఎప్పుడొస్తుందని అడుగుతోంది. నన్ను అక్కా అని పిలిచింది.”

అంతకుముందు నుంచే చిన్నచిన్న మరుపులు ఉన్నాయి. తాళంచెవి, పొయ్యి, పక్కింటామె పేరు. వయసైపోయింది కదా అనుకున్నారు. ఆ తుఫాను తర్వాత మాత్రం మనిషి చేయి జారిపోయింది. డాక్టర్లు మెదడు బొమ్మలు తీసి, ఇది తగ్గే జబ్బు కాదని చెప్పారు. మొదట పుస్తకాలు పోయాయి, తర్వాత స్నేహితురాళ్ళు పోయారు. గురువారాలు ఆగిపోయాయి. చివరికి సొంత పేరు పెట్టి పిలిచినా తలతిప్పని స్థితి వచ్చింది.

పోనిది ఒక్కటే, నడక. పొద్దున లేచింది మొదలు బిల్కీస్ నడిచేది. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి, అక్కడి నుంచి గేటు దాకా. గేటు ఊపి చూసి మళ్ళీ వెనక్కి. ఇంటికి పోవాలి, ఇంటికి పోవాలి అనేది. ఇదే ఇల్లు మామా అంటే అనుమానంగా చూసి, మళ్ళీ నడక. ఒకసారి గేటు తీసి ఉంటే పెద్ద రోడ్డు దాకా పోయింది. ఖాదర్‌వలి బండి అడ్డం పెట్టి ఆపాడు. అప్పటి నుంచి సుబ్బలక్ష్మమ్మ డ్యూటీ అంతా ఆమె వెనక నడవడమే అయింది. అన్నం ముద్ద చేత్తో పట్టుకుని నడుస్తూనే తినిపించేది. ఒకప్పుడు కాలు నిలవనిది తనకు, ఇప్పుడు కూర్చుంటే చాలనిపించేది. ఆ కూర్చోవడమే దొరికేది కాదు.

సఫూరా కాలేజీ నుంచి వచ్చి, సోఫాలో కూలబడి, తల్లి అటూ ఇటూ తిరుగుతుంటే చూస్తూ ఉండేది. ఒకరోజు అంది, “ఇంగ్లండులో ఒకాయన రాశాడు లక్ష్మీ. జ్ఞాపకం ఎంత దూరం పోతుందో మనిషి అంతవరకే ఉంటాడట. ఒళ్ళు అదే కావచ్చు, జ్ఞాపకం తెగిపోతే ఆ మనిషి లేనట్టే. చదివినప్పుడు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు తెలుస్తోంది. మా అమ్మ వెళ్ళిపోయింది. ఈ తిరుగుతున్నది అమ్మ కాదు.”

“అట్లా అనొద్దు మేడమ్.”

“అనకపోతే నేను బతకలేను,” అంది సఫూరా.

ఆ మాట ఆ తర్వాత చాలాసార్లు అంది. చుట్టాలతో ఫోన్‌లో అంది. డాక్టరుతో అంది. వినలేక సుబ్బలక్ష్మమ్మ ఖాదర్‌వలి దగ్గర మొరపెట్టుకుంది.

“మీ మతంలో ఏమంటారు, చెప్పు. ఆమె లోపల ఉండాదా, లేదా?”

“మా ఊరి మసీదు హజరత్తు చెప్పేవాడు అక్కా, ఆ లెక్క దేవునిది, మనిషికి దాంట్లో తెలిసేది గోరంతేనని. నువ్వు అన్నం పెట్టు, చాలు.”

“అన్నం పెడతానే ఉండా. ఎవరికి పెడతాండానో తెలియొద్దా?”

అతను బండి తుడుచుకోవడానికి వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడాది ఎండాకాలం సుబ్బలక్ష్మమ్మకు జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతున్నా నడక తప్పలేదు. ఒక మధ్యాహ్నం ఇక వల్ల కాలేదు. సఫూరా కాలేజీలో ఉంది, ఖాదర్‌వలి ఆమెతో వెళ్ళాడు. సుబ్బలక్ష్మమ్మ బిల్కీస్‌ను మంచం మీద కూర్చోబెట్టి, తన చున్నీ ఒక కొస ఆమె మణికట్టుకూ, రెండో కొస మంచం కోడుకూ కట్టేసింది. బిల్కీస్ ఆ ముడి వైపూ ఈమె వైపూ చూసింది.

“కొంచెంసేపు మామా,” అంది సుబ్బలక్ష్మమ్మ. తర్వాత తెలుగులో, తనకే చెప్పుకుంటున్నట్టు గొణిగింది. “లోపల ఎవరుండారులే.”

అది నాయన మాట. తన నోట అది ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. గచ్చు మీద వాలగానే నిద్ర పట్టేసింది.

లేచేసరికి గుమ్మంలో సఫూరా నిలబడి ఉంది. బిల్కీస్ మంచం దిగలేక, చెయ్యి లాక్కుంటూ, ఉన్నచోటే అడుగులు వేస్తోంది. మణికట్టు చుట్టూ తోలు లేచి ఎర్రగా కమిలిపోయింది. సఫూరా అరవలేదు. పరుగున వచ్చి ముడి విప్పబోయింది. గుంజీ గుంజీ ముడి బిగిసిపోయి ఉంది. గోళ్ళకు అందడం లేదు. సుబ్బలక్ష్మమ్మ కూడా చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి ఎలాగో విప్పారు. అప్పుడు సఫూరా పెద్దగా ఏడ్చింది. ఆ ఏడుపుకు బిల్కీస్ బెదిరిపోయి, గబగబా వెళ్ళి సుబ్బలక్ష్మమ్మ వీపు వెనక దాక్కుంది. తనను కట్టేసిన మనిషి వెనకే దాక్కుని, భుజం మీంచి కూతుర్ని భయంగా తొంగిచూసింది.

సుబ్బలక్ష్మమ్మ నేల చూపులు చూస్తూ నిలబడింది. “నన్ను పంపించేయండి మేడమ్.”

“నీకు ఒళ్ళు కాలిపోతోంది,” అంది సఫూరా, ఆమె చెయ్యి తగిలి. “నాకెందుకు చెప్పలేదు?” మంచం అంచున కూర్చుని తల్లి మణికట్టు వైపు చూసింది. “అమ్మ లేదు, లేదు అని ఈ ఇంట్లో అన్నది నేనే. నేను అన్నాను, నువ్వు చేశావు. ఆ చెయ్యి చూస్తే నా చెయ్యి మండుతోంది. లేని మనిషి చెయ్యి అయితే ఎందుకు మండాలి?”

మణికట్టుకు మందు రాయడానికి కూడా బిల్కీస్ ఆ రోజు కూతుర్ని దగ్గరికి రానివ్వలేదు.

ఆ తర్వాత సఫూరా సగం రోజు పనికి మారింది. మధ్యాహ్నం నుంచి తనే తల్లి వెనక నడిచేది. అమ్మ పోయిందని మళ్ళీ ఎవరితోనూ అనలేదు. ఉందని కూడా అనలేదు. సుబ్బలక్ష్మమ్మకు మాత్రం మనశ్శాంతి లేదు. తాను కట్టిన ముడి కంటే, ముడి వేస్తూ అన్న మాట ఆమెను ఎక్కువ వేధించేది. నాయన మాట అబద్ధమని ఇన్నేళ్ళూ పోట్లాడింది. తనకు అవసరం వచ్చినప్పుడు మాత్రం అదే మాటను వాడుకుంది.

2008లో, ఊళ్ళో వానలు మొదలయ్యే వేళకు, మఠం నుంచి ఫోన్ వచ్చింది. నాయనకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరిందనీ, మాట్లాడాలంటున్నాడనీ చెప్పి ఫోన్ ఆయన చేతికిచ్చారు. సాయంత్రం వేళ. సఫూరా స్నానానికి వెళ్ళింది. బిల్కీస్ వరండాలో నడుస్తోంది. ఒక చేత్తో ఆమె మోచెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని సుబ్బలక్ష్మమ్మ కూడా నడుస్తోంది.

“ఎట్లుండావు నాయనా?”

ఆయన మాట గాలిలో కలిసిపోయింది. ఆమెకు బయలు అన్నట్టు వినబడింది. కోపం ముంచుకొచ్చింది.

“ఇప్పుడూ అదేనా? ఈ పొద్దు కూడా బయలేనా నాయనా?”

“బయలు గాదు మ్మే. బయం. బయమైతాండాది నాకు.”

ఆమె అడుగు ఆగింది. బిల్కీస్ చెయ్యి గుంజితే మళ్ళీ కదిలింది.

“ఏం బయం నాయనా?”

“నేను లేకుండా పోతానే. అదీ బయం.”

“ఇన్నేండ్లూ అదే గదా పాడితివి!”

“పాడినా. పాడేటప్పుడు నేను ఉంటి గదా.”

ఆయన దగ్గు చాలాసేపు వినబడింది. ఆత్మకు చావు లేదని చెప్పాలా? ఆయన నమ్మడు. ఏమీ లేదు, భయపడడానికి ఎవరూ లేరని ఆయన మాటే ఆయనకు అప్పజెప్పాలా? దానికి ఆమె నోరు రాలేదు. గేటు దగ్గర తిరుగుతూ, “నాయనా, నాయనా” అని మాత్రం అంటోంది.

అప్పుడు బిల్కీస్ నడక ఆపి, ఆమె ముఖంలోకి చూసి, ఫోన్ తీసుకుంది. తలకిందులుగా పట్టుకుంది. సుబ్బలక్ష్మమ్మ తిప్పి చెవికి ఆనించింది. అవతలి దగ్గు వింటూ బిల్కీస్ కాసేపు కదలకుండా నిలబడింది. తర్వాత స్వాహిలిలో మెల్లగా అంది.

“పోలే బబా. పోలే, పోలే.”

అని ఫోన్ తిరిగి ఇచ్చేసి తన దారిన నడిచింది.

“ఎవరు మ్మే ఆ మాట్లాడింది?”

“నేను చూసుకునే ముసలామె నాయనా. ఆమెకు మతి లేదు.”

“ఏమంటాంది?”

ఆమెకు ఆ భాష రాదు. “పోనీలే అంటాంది నాయనా,” అంది.

అవతల కొంచెంసేపు దగ్గు ఆగింది. “పోనీలే అంటాందా. ఇంగొకసారి అనమను మ్మే.”

బిల్కీస్‌ను బతిమాలింది. పోలే అను మామా అంటూ ఫోన్ నోటి దగ్గర పెట్టింది. బిల్కీస్ ఫోన్ తోసేసి గేటు ఊపుతోంది. సుబ్బలక్ష్మమ్మే ఆ మాట అంది. అడిగి అడిగి ఆయన గొంతు అలిసిపోయేదాకా, పోలే నాయనా, పోలే అంటూ ఉంది. తర్వాత సఫూరాను అడిగితే, దెబ్బ తగిలినవాళ్ళతో, దుఃఖంలో ఉన్నవాళ్ళతో అనే మాట అది అని చెప్పింది.

ఆ వారంలోనే ఆయన పోయాడు. సఫూరా టికెట్ తీస్తానంది గానీ, ఆ కబురు అందేసరికే మఠం వెనక సమాధి చేసేశారు.

బిల్కీస్ మరుసటి ఏడాది చలికాలంలో న్యుమోనియాతో మంచం పట్టింది. ఆ కొద్ది రోజులూ ఆమె కాళ్ళు దుప్పటి కింద కదులుతూనే ఉండేవి. కూతురూ సుబ్బలక్ష్మమ్మా చెరో పాదం పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఒక పగటి పూట ఆ కదలిక ఆగింది. స్నానం చేయించే ఆడవాళ్ళు వచ్చారు. సుబ్బలక్ష్మమ్మ తువ్వాళ్ళు అందిస్తూ గుమ్మం బయట నిలబడింది. అంతా అయ్యాక సఫూరా వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి ముఖం చూపించింది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ ఇంట్లో ఇద్దరికీ ఏం చేయాలో తెలియలేదు. ఇద్దరూ కూర్చోలేకపోయేవాళ్ళు. వరండాలో ఎదురుపడి, పక్కకు తప్పుకుని, మళ్ళీ నడిచేవాళ్ళు.

సెలవు మీద ఊరు వెళ్ళిన సుబ్బలక్ష్మమ్మ ముందు మఠానికి పోయింది. సమాధి మీద కొత్త సున్నం వేసి ఉంది. పెద్ద శిష్యుడు ఆమెను కూర్చోబెట్టి, గర్వంగా చెప్పాడు. “మీ నాయన మాదిరి పోవడం అందరికీ రాదమ్మా. ఒక్క రవ్వ బెదురు లేదు. నగుతా బయలులో కలిసినాడు. పిల్లోళ్ళకు ఆయన సంగతే చెప్తాండాం.”

అవునని తల ఊపితే సరిపోయేది. ఊపుదామనే అనుకుంది. తల కదల్లేదు.

“లేదన్నా. బయపడినాడు. నాతో ఫోన్లో చెప్పినాడు.”

“ఏం మాట్లాడతాండావమ్మా నువ్వు!”

“నేను లేకుండా పోతాననే బయం అన్నాడు. చిన్నపిల్లోడు అడిగినట్ల ఒక మాట మళ్ళా మళ్ళా అడిగి అనిపించుకున్నాడు.”

శిష్యుడు లేచి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. ఎవరూ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆమె చెప్పులు వేసుకుని రోడ్డు వైపు నడుస్తుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు. ఓబుళమ్మ అని, మఠంలో వంట చేసే ముసలామె. నాయన ఆఖరి రోజుల్లో గంజి పోసింది ఆమే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది.

“నిజంగానే బయపడినాడా మ్మే?”

“నిజమే అవ్వా.”

“నాకూ బయమే,” అంది ఓబుళమ్మ. “అంత పెద్దాయనకు లేనిది నాకుంటే, నేను ఇన్నేండ్లు విన్నదంతా దండగేమో అనుకుంటి. ఎవరికీ చెప్పుకోలేదు.” ఆమె రోడ్డు పక్కన రాయి మీద కూర్చుంది. సుబ్బలక్ష్మమ్మ కూడా కూర్చుంది. బస్సు వచ్చి ఆగి వెళ్ళిపోయింది. నాయన గురించే ఇద్దరూ మాట్లాడుకున్నారు. గంజిలో ఉప్పు ఎక్కువైతే ఎలా గొడవపడేవాడో, తంబుర తీగ తెగితే ఎవర్ని తిట్టేవాడో ఓబుళమ్మ చెబుతుంటే ఆమెకు చాలా ఏళ్ళ తర్వాత నాయన మీద నవ్వు వచ్చింది.

మళ్ళీ ఒమన్ వచ్చాక సుబ్బలక్ష్మమ్మ సముద్రం ఒడ్డు ఊరు షినాస్‌లో సఫూరా బంధువుల ఇంట్లో చేరింది. పిల్లలున్న ఇల్లు. ఆత్మ గురించి గ్రీకులు, అరబ్బులు, మఠంవాళ్ళు చెప్పిందాంట్లో ఏది నిజమో ఆమె తేల్చుకోలేదు. ఖాదర్‌వలి ఎప్పుడైనా కలిసి, ఏమక్కా, తెలిసిందా అని ఆటపట్టిస్తే, “నీకు తెలిస్తే నాకు చెప్పు” అని కసురుకునేది. సెలవు దొరికిన మధ్యాహ్నం ఇప్పటికీ ఒక చోట కూర్చోలేదు, సముద్రం ఒడ్డున వలలు ఆరేసిన చోటి దాకా పోయి వస్తుంది.

శుక్రవారాలు ఓబుళమ్మ మఠం ఫోన్ నుంచి మిస్డ్ కాల్ ఇస్తుంది. సుబ్బలక్ష్మమ్మ తిరిగి చేస్తుంది.

“ఎట్లుండాది అవ్వా బయం?”

“ఈ పొద్దు అంత లేదులే,” అంటుంది ఓబుళమ్మ. ఒక్కోసారి, “ఈ పొద్దు శానా ఉండాది, ఫోన్ పెట్టెయ్యొద్దు” అంటుంది. ఆ రోజుల్లో సుబ్బలక్ష్మమ్మ ఫోన్ పెట్టదు.